ఎవరూ దిగని మెట్లు

ఊయల ఎంత త్వరగా ఆగితే వరుస అంత త్వరగా తరుగుతుందని అందరూ నమ్ముతారు. వరుసలో నిలబడ్డవాడు నమ్ముతాడు. టికెట్లు చింపేవాడు నమ్ముతాడు. ఆ టికెట్ల మీద బతికే యజమాని అందరికంటే గట్టిగా నమ్ముతాడు. చూడగానే నిజమనిపించే మాటను పరీక్షకు పెట్టాలని ఎవరికీ తోచదు. ఈ మాట పరీక్షకు రావడానికి మాత్రం ఒక మనిషి చనిపోవలసి వచ్చింది.

కిందటి వారం హిమజను మనం కోర్టు వసారాలో వదిలిపెట్టాం. ఆమె కోరిన పరీక్షకు అనుమతి దొరికింది. దొరికినందుకు నవ్వాలో, దొరకడానికి పట్టిన కాలానికి ఏడవాలో తెలియక ఆమె స్తంభానికి ఆనుకొని నిలబడింది. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవారి కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి.

ఉప్పల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే హిమజకు సొంతమనిషంటే తమ్ముడు మహిపాల్ ఒక్కడే. నాచారం పారిశ్రామికవాడలో ఊయలలు తయారుచేసే గోపాలరావు, తనకు వాటా ఉన్న ఒక సముద్రతీరపు పార్కుకు ఓడ ఊయలను పంపుతూ, దాన్ని నడపడానికి మహిపాల్‌నూ పంపాడు. ఎగ్జిబిషన్లలో జనం 'కొలంబస్' అని పిలిచే ఊయల అది. నిండా మనుషులను కూర్చోబెట్టుకొని ఒక కొస ఆకాశానికీ మరో కొస నేలకూ ఊగుతుంది. దానికి రెండువైపులా మెట్లున్నాయి. ఒకవైపు ఎక్కాలి, సముద్రం వైపు దిగాలి. ఒకే దారిన ఎక్కీ దిగీ తొక్కుకోకూడదనే ఆ ఏర్పాటు.

కార్తీక పౌర్ణమినాడు సముద్రస్నానాలకు వచ్చిన జనమంతా సాయంత్రానికి పార్కు మీద పడ్డారు. కొలంబస్ ముందు వరుస గేటు దాటి రోడ్డెక్కింది. దిగవలసినవాళ్లు దిగవలసిన మెట్లను వదిలి, ఎక్కే మెట్ల మీదికే ఎదురు వచ్చారు. తోపులాటలో మెట్ల చేతికమ్మి ఊడింది. మహిపాల్‌కు టిఫిన్ డబ్బా అందించడానికి ఆ మెట్లెక్కిన అనంతలక్ష్మి కిందపడి, జనం కాళ్ల కింద ప్రాణం వదిలింది. ఆమె పార్కు సూపర్‌వైజర్ కామరాజు భార్య. ఒకప్పుడు సొంత పడవ మీద వేటకు వెళ్లి, ఆ పడవను అమ్ముకొని ఉద్యోగంలో చేరిన మనిషి కామరాజు.

నేరం మహిపాల్ మీద పడింది. ఊగే సమయాన్ని నాలుగు నిమిషాల నుంచి రెండుకు తగ్గించమని గోపాలరావు ఆ సాయంత్రం ఫోన్‌లో ఆజ్ఞాపించాడు. మహిపాల్ తగ్గించలేదు. ఆ సంగతి అతడు పోలీసుల ముందే ఒప్పుకున్నాడు. తగ్గించి ఉంటే వరుస పెరిగేది కాదనీ, వరుస పెరగకపోతే తన భార్య బతికేదనీ కామరాజు ఫిర్యాదు. ఆ రెంటిలో మొదటిది తప్పని తేలితే మహిపాల్ బయటపడతాడు. నిజమని తేలితే జైలుకు పోతాడు.

*

పరీక్ష ఆదివారం ఉదయం మొదలైంది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల కోసం రోడ్డును తవ్విపోసి ఉండడంతో ఆటో సందులు తిరిగి, హబ్సిగూడ మీదుగా నాచారం చేరింది. దారి పొడుగునా మహిపాల్ ఒక్క మాట మాట్లాడలేదు. బెయిలు మీద వచ్చినప్పటి నుంచీ అతడింతే. అడిగిన దానికి తలాడిస్తాడు, పెట్టింది తింటాడు, టీవీలో రాష్ట్రం వస్తుందా రాదా అని జరిగే చర్చలను గోడను చూసినట్టు చూస్తాడు.

గోపాలరావు వర్క్‌షాపు ఆవరణలో, పౌర్ణమినాటి ఓడకు జంటగా తయారై ఇంకా అమ్ముడుపోని ఓడ ఉంది. కొలతలూ మెట్లూ అవే. దాని వెనకున్న రేకుల గోడ మీద ఎవరో పెయింటరు నీలంరంగు అలలు వేసి, సగంలో మానేశాడు. అలలు ఆగిన చోట నుంచి పక్క ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతుంది. గాలిలో ఉప్పు వాసనకు బదులు మందుల కంపెనీ వాసన. సముద్రాన్ని హిమజ ఎన్నడూ చూడలేదు. తమ్ముడి తలరాతను తేల్చబోయే సముద్రతీరం ఇదేనని ఆమె అనుకుంది.

కోర్టు నియమించిన విచారణాధికారి విజయభాస్కర్ ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేసి రిటైరైన ప్రొఫెసర్. మాట తక్కువ. ఎవరి ముఖాన్నీ ఎక్కువసేపు చూడడు. మెడలో స్టాప్‌వాచి, చేతిలో సుద్దముక్క. ఏర్పాటు ఆయనే చెప్పాడు. పౌర్ణమి సాయంత్రం టికెట్లు ఏ వేగంతో తెగాయో ఆ వేగంతోనే గేటు దగ్గర నుంచి మనుషులను వరుసలోకి వదులుతారు. దిగినవాళ్లు గేటు బయటికి పోయి మళ్లీ రావాలి. గంట గడిచాక వరుస తోక ఎక్కడుందో అక్కడ నేల మీద గీత గీస్తారు. నాలుగు నిమిషాల ఊగుడుకు ఒక గీత, రెండు నిమిషాల ఊగుడుకు ఒక గీత. ఆ రెండు గీతలే సాక్ష్యం చెబుతాయి.

ఈ మాట హిమజకు నచ్చింది. మనుషులు అబద్ధమాడతారు, గీతలు ఆడవని ఆమె తరగతిలో కూడా అంటుంది. నిజాన్ని బయటికి తీసుకొస్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుందన్నది ఆమె నమ్మకం. చదువుకున్నవాళ్లకు ఉండే నమ్మకాల్లో అది కూడా ఒకటి; దాన్ని కూడా ఎవరూ పరీక్షకు పెట్టరు.

కామరాజు ఒక ఇనుప కుర్చీలో, అందరికీ దూరంగా కూర్చున్నాడు. రాత్రంతా బస్సులో వచ్చిన ముఖం. అక్కాతమ్ముళ్లు లోపలికి రాగానే అతడు కళ్లు తిప్పుకున్నాడు. మహిపాల్ మాత్రం అతడి వైపే చూశాడు. ఆ చూపులో భయం లేదు. ఏదో అడగాలని వచ్చి అడగలేకపోతున్న మనిషి చూపులా ఉంది. అదేమిటో హిమజకు అప్పుడు అర్థం కాలేదు.

వరుసలో నిలబడడానికి గోపాలరావు చుట్టుపక్కల ఫ్యాక్టరీల మనుషులను పిలిపించాడు. ఆదివారం బిర్యానీ పెడతానంటే బాగానే వచ్చారు. మొదట నాలుగు నిమిషాల పరీక్ష. గంట తిరిగేసరికి వరుస తోక లారీలు నిలిపే చోటిదాకా పోయింది. విజయభాస్కర్ వంగి గీత గీశాడు. తరువాత రెండు నిమిషాల పరీక్ష. ఓడ ఊగీ ఊగకముందే ఆగింది. కూర్చున్నవాళ్లు, అప్పుడే అయిపోయిందా అని గునుస్తూ అవతలి మెట్ల మీదుగా దిగిపోయారు. ఇవతల ఎక్కేవాళ్లు ఎక్కారు. ఎవరికీ ఎవరూ తగల్లేదు. వరుస ముడుచుకుంటూ వచ్చింది. రెండో గీత మొదటి గీతకు ఎంతో ఇవతల, నీళ్ల డ్రమ్ము దగ్గర పడింది.

హిమజ ఆ రెండు గీతల మధ్య దూరాన్ని చూస్తూ నిలబడింది. ఆ దూరమంతా తమ్ముడు జైల్లో గడపబోయే కాలంలా కనబడింది.

గోపాలరావు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. కోస్తా నుంచి వచ్చి నాచారంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న మనిషి. ఎవరితోనూ గొంతు పెంచడు.

"పరీక్ష కావాలన్నది మీరేనమ్మా. నేను అడగలేదు," అన్నాడు. "లెక్కల మేడం గదా, ఆ రెండు గీతల్నీ మీ పిల్లలకు కూడా చూపించండి."

వరుసలో ఎవరో, ఆంధ్రా ఓడను తెలంగాణోడు నడిపితే గిట్లనే అయితదని ఎకసెక్కెమాడారు. ఇంకెవరో, ఓడ చేసింది నాచారంలనే గదరా అన్నారు. నవ్వులు లేచాయి. కామరాజు లేచి నిలబడి ఆ నవ్విన వైపు చూశాడు. నవ్వులు ఆగిపోయాయి.

*

టీ వేళైంది. ఆవరణలో టీ అమ్మే మల్లవ్వ, గ్లాసులు పంచడం కాగానే విజయభాస్కర్ ముందుకు వచ్చి నిలబడింది. అరవై ఏళ్ల మనిషి. ఆ ఓడలు తయారవుతుండగా చూసినన్ని రోజులు గోపాలరావు కూడా చూసి ఉండడు.

"సారూ, అందరిని ఊపిన్రు. నన్నొక్కపారి ఊపున్రి. ఇన్నేండ్ల సంది చాయ్ పోసుడే గని ఎక్కింది లేదు. పైసలైతే ఇయ్య."

విజయభాస్కర్ మొదటిసారి నవ్వాడు. సరేనన్నాడు. ఖాళీ ఓడలో మల్లవ్వ ఒక్కతే, రాజ్యమేలేదానిలా కూర్చొని, కొంగు నోట కరచుకొని ఊగింది. ఓడ ఆగాక, ఎదురుగా దిగే మెట్లున్నా అటు పోకుండా ఎక్కిన మెట్ల మీదుగానే తిరిగి దిగింది.

హిమజ చేతిలో గ్లాసు ఉంది. ఆమె టీ తాగడం మరిచిపోయింది. ఇంత నేరుగా తెరిచి ఉన్న మెట్లను కాదని ఈమె ఎందుకు వెనక్కి వచ్చిందన్న ఆలోచన వెనకే, ఆనాడు జనం ఎందుకు వచ్చారన్న ప్రశ్న లేచింది. ఆ ప్రశ్న కేసు కాగితాల్లో చాలాచోట్ల ఉంది. జవాబు ఎక్కడా లేదు. ఆపరేటరు సరిగా దారి చూపలేదని మాత్రం ఉంది.

"అటు దిగొచ్చు గద మల్లవ్వా?"

"అటు దిగితే నా చెప్పులు ఎవలు తెస్తరు బిడ్డా?" మల్లవ్వ మెట్ల కింద ఉన్న రబ్బరు చెప్పులను కాలితో సర్దుకొని తొడుక్కుంది. "దసరాకు గా ముక్కు మీద పసుపు బొట్టు పెట్టిన్రు. గా బొట్టు సూసుకుంట చెప్పులతోని ఎక్కుతరా?"

ఓడ ముక్కు మీద ఆయుధపూజనాటి పసుపు ఇంకా లేతగా అంటి ఉంది. పొద్దుటి నుంచి ఎక్కినవాళ్లందరూ ఫ్యాక్టరీ బూట్లు వేసుకున్న మగవాళ్లు. బూట్లు విప్పాలని వాళ్లకు తోచలేదు. దిగాక వెనక్కి రావలసిన పనీ పడలేదు.

హిమజ గ్లాసు అక్కడే పెట్టి, షెడ్డు వెనక ఒంటరిగా నిలబడ్డ తమ్ముడి దగ్గరకు పోయింది.

"పార్కుల చెప్పులిడిసి ఎక్కేదా జనం?"

మహిపాల్ ముఖం మారిపోయింది. "ఊకో అక్కా," అన్నాడు.

ఊరుకోవడానికి ఆమె రాలేదు. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగాక అతడు నేలను చూస్తూ చెప్పాడు. పార్కు తెరవకముందు కామరాజు గంగమ్మ పటం తెచ్చి ఓడ ముక్కుకు కట్టాడు. సముద్రం ఒడ్డున ఉండేది ఇనుపదైనా కొయ్యదైనా పడవ పడవేననీ, పడవ మీదికి చెప్పులతో కాలు పెట్టనీయవద్దనీ మహిపాల్‌కు చెప్పాడు. మహిపాల్ ఆ మాటను తప్పకుండా పాటించాడు. చెప్పులన్నీ ఎక్కే మెట్ల కింద గుట్టపడేవి. దిగినవాళ్లందరూ వాటి కోసం అటే వచ్చేవాళ్లు. సముద్రం వైపు మెట్ల మీద ఏనాడూ ఎవరూ దిగలేదు.

"ఈ ముచ్చట పోలీసోళ్లకు ఎందుకు చెప్పలే నువ్వు?"

"చెప్తే ఏమైతది? ఆయన కట్టిన పటమే ఆయన భార్యను సంపిందని ఆయనకు తెలుస్తది. గంతే గద."

"నువ్వు జైలుకు పోతవ్ మహీ."

"రాష్ట్రం కొరకు సమ్మె టైముల ఆడ నాకు ఒక్కడు రూము ఇయ్యలే. తెలంగాణోనివి, నీ ఊరికి నువ్వు పో అన్నరు. కామరాజన్న తనింట్ల ఉంచుకున్నడు. వదినె రెండేండ్లు నాకు అన్నం బెట్టింది. ఆ రోజు గుడ నా డబ్బా తెస్తనే మెట్లెక్కింది." అతడు షెడ్డు రేకుకు ఆనుకున్నాడు. "ఆయన ఆ పటం ముచ్చట చెప్పినప్పుడు మేం ముగ్గురమే ఉన్నం. వదినె పోయింది. ఆయనకు యాదికి లేదు. ఉండనియ్యి."

హిమజ అతడి భుజం పట్టుకొని, తాను ఎవరి పేరూ ఎత్తనని చెప్పింది. చెప్పులు విడిచేవారన్న సంగతి ఒక్కటి చాలు. అది తెలిస్తే పరీక్ష మళ్లీ జరుగుతుంది, గీతలు మారతాయి, ఎవరు విడవమన్నారని అడిగే అవసరం ఎవరికి ఉంటుంది? ఆమె దాన్ని లెక్కలో అనవసరమైన పదాన్ని కొట్టేసినట్టు కొట్టేసింది.

*

విజయభాస్కర్ ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు. కేసు కాగితాలు తెప్పించి ఓపికగా తిరగేశాడు. టికెట్లు చింపే మనిషి వాంగ్మూలంలో ఒక వాక్యం దగ్గర ఆయన వేలు ఆగింది. చెప్పులతో ఎక్కబోయిన వాళ్లను వెనక్కి పంపేవాళ్లమని అందులో ఉంది. ఆ వాక్యాన్ని పోలీసులు చదివారు, వకీళ్లు చదివారు, తానూ చదివి వదిలేశానని ఆయన నెమ్మదిగా అన్నాడు. తరువాత గోపాలరావును అడిగాడు. గోపాలరావు తనకు తెలియదన్నాడు.

"విడిచేవాళ్లండి," అన్నాడు కామరాజు దూరం నుంచే. "పడవంటే మాకు అంతేనండి. అందులో వింతేముంది?"

విజయభాస్కర్ మధ్యాహ్నం మళ్లీ పరీక్ష పెడతానన్నాడు. ఈసారి బూట్లవాళ్లు పనికిరారు. మల్లవ్వ ఆవరణ వెనకాల బస్తీకి పోయి, కొలంబస్ ఫ్రీ అని కేకేసింది. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇంట్లో ఉన్నవాళ్లు ఉన్నట్టు వచ్చారు. అందరూ ఎక్కే మెట్ల కింద చెప్పులు విడవాలని చెప్పగానే మొదటి రగడ మొదలైంది. లక్ష్మీనర్సమ్మ అనే ఆవిడ, కొత్త చెప్పులు పోతే కోర్టు ఇస్తుందా అని విజయభాస్కర్‌నే నిలదీసింది. ఆయన తప్పక ఇస్తుందన్నాడు. ఆమె నమ్మలేదు. ఎక్కుతున్నంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

మొదట నాలుగు నిమిషాల ఊగుడు. ఓడలో కూర్చున్నవాళ్ల చూపు ఆకాశం మీద లేదు, మెట్ల కింద ఉంది. ఓడ ఆగగానే అందరూ ఎక్కే మెట్ల వైపే కదిలారు. కింద చెప్పుల గుట్టలో చేతులు కలిశాయి. ఇది నాది, అది నీది, రెండూ ఎడమకాలివే అంటూ వెతుకులాట. ఎక్కవలసినవాళ్లు అదే గుట్ట మీద తమ చెప్పులు విడుస్తున్నారు. అయినా తరువాతి ఊగుడు ముగిసేలోగా, ముందు దిగినవాళ్లు ఎలాగో చెప్పులు తొడుక్కొని మెట్లను ఖాళీ చేయగలిగారు. గంటకు వరుస తోక లారీలు నిలిపే చోటును దాటిపోయింది. విజయభాస్కర్ గీత గీశాడు.

తరువాత రెండు నిమిషాల ఊగుడు. మొదటివాళ్లు ఇంకా చెప్పులు వెతుకుతూనే ఉన్నారు, రెండోవాళ్లు దిగిపోయారు. రెండోవాళ్లకు దారి దొరకకముందే మూడోవాళ్ల వంతు వచ్చింది. పైనుంచి వచ్చేవాళ్లు, కింద వంగి ఉన్నవాళ్లు, వాళ్ల మీదుగా ఎక్కబోయేవాళ్లు మెట్ల దగ్గర ముద్దకట్టారు. ఓడ ఖాళీగా, తలుపులు తెరుచుకొని ఎదురుచూసింది. అవతలి మెట్ల మీద ఒక్క మనిషి లేడు. గంట గడవకముందే లక్ష్మీనర్సమ్మ గట్టిగా అరిచింది. ఎవరి మోచెయ్యో తగిలి ఆమె మూడో మెట్టు మీద ముందుకు తూలింది. మహిపాల్ పరుగెత్తి ఆమెను రెండు చేతులతో ఆపాడు.

విజయభాస్కర్ చేయెత్తి పరీక్షను ఆపించాడు. వరుస తోక గేటు దాటి, వీధిలోకి పోయి ఉంది. ఆయన వీధిలోకి వెళ్లి గీత గీసి వచ్చాడు.

హిమజకు ఆ క్షణాన కళ్లలో నీళ్లు వచ్చాయి. రెండు నిమిషాలకు తగ్గించి ఉంటే పౌర్ణమినాడు తోపులాట ఇంకా ముందే జరిగేది. తమ్ముడు ఆజ్ఞను కాదని చేసిన పనే ఆ మెట్లను అంతసేపు కాపాడింది. ఇది ఇప్పుడు ఎవరి అభిప్రాయమూ కాదు. నేల మీద ఉంది. గోపాలరావు అటు చూడకుండా ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడుతూ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఆమె కామరాజు వైపు తిరిగింది. అతడు కుర్చీలో లేడు. మెట్ల కింద, చెదిరిపోయిన చెప్పుల మధ్య నిలబడి ఉన్నాడు. జనం తమ జతలను ఏరుకుంటూ అతణ్ణి పక్కకు జరగమంటున్నారు. అతడు జరగడం లేదు. తలెత్తి ఓడ ముక్కు మీద పసుపును చూశాడు. అక్కడి నుంచి మూడో మెట్టును చూశాడు. ఆ తరువాత మహిపాల్‌ను చూశాడు. ముందు కళ్లు తిప్పుకున్నది కామరాజే. అతడికి యాదికి వచ్చిందని హిమజకు తెలిసిపోయింది.

*

విజయభాస్కర్ బల్ల దగ్గర కూర్చొని రాయడం మొదలుపెట్టాడు. రాసిన ప్రతి వాక్యాన్నీ బయటికి చదివాడు. ఊగే సమయం కారణం కాదన్న వాక్యం చదివినప్పుడు హిమజ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఒక ప్రశ్న మిగిలింది," అన్నాడు విజయభాస్కర్ కలం దించి. "దిగే మెట్లు ఉండీ ఖాళీగా ఎందుకు ఉన్నాయో తెలిసింది. చెప్పులు జనం తమ అలవాటుగా విడిచి ఉంటే ఎవరి తప్పూ లేదు. కానీ విడవనివాళ్లను వెనక్కి పంపేవాళ్లమని వాంగ్మూలం ఉంది. అంటే అది అలవాటు కాదు, నియమం. ఆ నియమం పెట్టిన మనిషి ఈ మరణానికి జవాబు చెప్పాలి. ఎవరు పెట్టారు?"

మల్లవ్వ గ్లాసులు కడుగుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. పొద్దున తాను కొట్టేసిన పదం బల్ల మీదికి తిరిగి వచ్చిందని హిమజకు అర్థమైంది. ఆమె నోరు తెరిచింది. ఆమె చేతిలో ఉన్న తమ్ముడి చెయ్యి, మాట్లాడవద్దన్నట్టు గట్టిగా బిగిసింది.

"నేనే పెట్టిన సార్," అన్నాడు మహిపాల్.

"నువ్వే?"

"నేనే. కొత్త ఓడ గద, ఖరాబైతదని."

హిమజ తన చెయ్యి విడిపించుకుంది. బల్ల చుట్టూ తిరిగి కామరాజు ఎదుటికి పోయి నిలబడింది. అతడే చెప్పాలని ఆమె ఆశ. అతడు చెబితే తాను తమ్ముడికి ఇచ్చిన మాట తప్పినట్టు కాదు. మహిపాల్ ఆడిన అబద్ధమూ నిలవదు. భార్యను పోగొట్టుకొని, నిద్రలేక, ఇంత దూరం నిజం కోసమే వచ్చిన మనిషి అతడు.

"కామరాజు గారూ, మీరు చెప్పండి," అంది. "ఆ నియమం ఎవరు పెట్టారో మీకు తెలుసు. మీకు తెలుసని నాకూ తెలుసు."

కామరాజు కుడిచేతి బొటనవేలితో ఎడమ అరచేతిని రుద్దుకున్నాడు. పడవ తాడు లాగిన రోజుల కాయలు అక్కడ ఇంకా ఉన్నాయి.

"ఆ అబ్బాయి చెప్పాడు గదండీ," అన్నాడు.

విజయభాస్కర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. హిమజ ఇంకేమైనా చెప్పదలచుకున్నదా అని అడిగాడు. ఆమె తమ్ముడి వైపు చూసింది. అతడు తల అడ్డంగా ఊపాడు. విజయభాస్కర్ కలం తీసుకున్నాడు.

ఆ సాయంత్రం నాచారంలో రాసిన నివేదిక చివరి పేజీలో ఇలా నమోదైంది:

ఊగే సమయాన్ని తగ్గిస్తే వరుస తగ్గలేదు, పెరిగింది. ఎక్కే మెట్ల కింద విడిచిన చెప్పుల కోసం జనం అటే దిగడం వల్ల తోపులాట జరిగింది. చెప్పులు విడవాలన్న నియమం పెట్టినవాడు ఆపరేటరు మహిపాల్. సాక్షి సంతకం: కామరాజు. దరఖాస్తుదారు హిమజ సంతకం: చేయలేదు.